కుర్రాళ్ళకు ఇల్లు అద్దెకిస్తే...

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ చేసి, పిల్లలను ఒక దారికి తెచ్చి, చేతిలో మిగిలిన నాలుగు డబ్బులతో ఇంకో చిన్న ఫ్లాటు కొని, దాన్ని కాలేజీ కుర్రాళ్ళకు అద్దెకిచ్చిన వారిని అడగండి. ఆ సామెతకు మూడో ముక్క తగిలిస్తారు: "అద్దెకిచ్చి చూడు!" అని.

విశ్వవిద్యాలయం వున్న ప్రతి ఊళ్ళోనూ ఈ మూడో ముక్క వినబడుతూనే వుంటుంది. విశాఖపట్నం సంగతే తీసుకోండి. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం చుట్టూ పెదవాల్తేరు, చినవాల్తేరు, మద్దిలపాలెం, ఇసుకతోట, శివాజీపాలెం, మువ్వలవానిపాలెం కాలనీ వున్నాయి. ఈ పేటల్లో మేడ మీద వాటాలూ, అపార్టుమెంటు ఫ్లాటులూ ఎన్నో చదువుకునే పిల్లలతో నిండి వుంటాయి. పలాస నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు నుంచి, సరిహద్దు దాటి ఒరిస్సా నుంచి కూడా పిల్లలు వస్తారు. హాస్టల్లో చోటు దొరకనివారూ, దొరికినా ఆ భోజనం గిట్టనివారూ ఈ వీధుల్లో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతారు.

ఆ బోర్డు కట్టిన వారి కోసమే ఈ నాలుగు మాటలు.

వారాల నుంచి వాటాల దాకా

ఒకప్పుడు పల్లెటూరి కుర్రవాడు చదువు కోసం పట్నం వస్తే, వారాలు చేసుకుని చదువుకునేవాడు. ఆదివారం ప్లీడరు గారింట్లో, సోమవారం మాస్టారి ఇంట్లో, మంగళవారం మరొకరింట్లో భోజనం. రాత్రికి ఏ అరుగు మీదో పడక. ఆ అన్నం కూడా అందరికీ దొరికేది కాదు. కులం చూసి పెట్టే అన్నం అది.

ఇప్పుడా రోజులు పోయాయి. నలుగురు కలిసి రెండు పడకగదుల ఫ్లాటు తీసుకుంటారు. తలా ఇంత వేసుకుని అద్దె కడతారు. వంతులవారీగా వండుకుంటారు, లేకపోతే ఫోను నొక్కి తెప్పించుకుంటారు. ఇంటివారికీ, చదువుకునేవారికీ మధ్య ఒకనాడు వున్నది దయ. ఇప్పుడున్నది బేరం. బేరమే నయం, దయలో లెక్క అడగటానికి వీల్లేదు, బేరంలో అడగవచ్చు. కాని చాలామంది గృహస్థులు ఆ లెక్క వేసుకోకుండానే తాళంచెవి ఇచ్చేస్తున్నారు.

ముందు లెక్క చూద్దాం

"సంసారులకిస్తే పదహారు వేలు వచ్చే ఇల్లు కుర్రాళ్ళకిస్తే ఇరవై వేలు వస్తుందిట!" అన్న మాటతో కథ మొదలవుతుంది. తలకు అయిదు వేల చొప్పున నలుగురు. నెలకు నాలుగు వేలు ఎక్కువ. వినటానికి బాగానే వుంది. కాగితం మీద పెట్టి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ పేటలో అద్దెలు వేరుగా వుంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

సంసారులకు ఇచ్చారనుకోండి. ఏడాదికి అద్దె 1,92,000 రూపాయలు. వారు మూడేళ్ళయినా కదలరు. ఖాళీ చేసి వెళ్ళాక వెల్ల వేయించి, చిన్న చిన్న మరమ్మతులు చేయించటానికి 30,000 అవుతుంది. ఏడాదికి పదివేలు పడింది. మూడేళ్ళకు ఒక నెల ఇల్లు ఖాళీగా వుంటే ఏడాదికి సుమారు అయిదు వేలు నష్టం. పురపాలక పన్ను ఆరు వేలు. ఇవన్నీ పోగా చేతికి వచ్చేది 1,71,000.

ఇప్పుడు కుర్రాళ్ళ లెక్క. ఏడాదికి అద్దె 2,40,000. కాని పరీక్షలు అయిపోగానే వారు పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోతారు. మే నెలా, జూన్ నెలా ఇల్లు ఖాళీ, 40,000 పోయింది. ఏటా రంగు వేయించాలి, 25,000. కుళాయిలు, ఫ్యాన్లు, గీజరు, తలుపు గడియలు బాగుచేయించటానికి 12,000. కొత్తవారిని తెచ్చిన బ్రోకరుకు సగం నెల అద్దె, 10,000. పన్ను ఆరు వేలు. అంతా తీసివేస్తే మిగిలింది 1,47,000.

చూశారా! నెలకు నాలుగు వేలు ఎక్కువ వస్తుందనుకున్న ఇల్లు, ఏడాది తిరిగేసరికి 24,000 తక్కువ తెచ్చింది.

అయితే కుర్రాళ్ళకు ఇవ్వకూడదా? ఇవ్వవచ్చు. మూడో లెక్క ఒకటి వుంది. వెళ్ళిపోయే జట్టు తమ జూనియర్లను తీసుకువచ్చి ఇంట్లో చేర్చి వెళ్ళిందనుకోండి. ఇల్లు పదిహేను రోజులకు మించి ఖాళీగా వుండదు; నష్టం పదివేలే. బ్రోకరు అక్కర లేదు. తమవాళ్ళే వస్తున్నారు కాబట్టి ఇల్లు కాస్త జాగ్రత్తగానే అప్పగిస్తారు. రెండేళ్ళకొకసారి రంగు వేయిస్తే చాలు, ఏడాదికి 12,500. మరమ్మతులు 12,000, పన్ను 6,000 మామూలే. ఇప్పుడు మిగిలేది 1,99,500.

అదే ఇల్లు, అదే అద్దె. ఒక లెక్కకూ, ఇంకో లెక్కకూ తేడా 52,500 రూపాయలు. ఈ తేడా కుర్రాళ్ళ మధ్య ఆ ఇంటికి వున్న మంచిపేరు వల్ల వచ్చింది. కాలేజీ పిల్లలకు ఇల్లు అద్దెకిచ్చే వ్యాపారంలో అసలు ఆస్తి అదే. సిమెంటు, ఇటుక దాని తరువాతే.

అప్పు చేసి కొనేవారికి

ఫ్లాటు ఇంకా కొనలేదు, కొనాలనుకుంటున్నాము అనేవారు ఇంకో అంకె కూడా చూసుకోవాలి. అరవై లక్షలు పెట్టి కొన్న ఫ్లాటుకు ఏడాదికి రెండు లక్షలు మిగిలినా, అది నూటికి మూడున్నర మించదు. దానిలో నలభై లక్షలు బ్యాంకు అప్పు అయితే, ఎనిమిదిన్నర వడ్డీకి ఇరవై ఏళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 34,700 కట్టాలి. కుర్రాళ్ళు ఇచ్చేది ఇరవై వేలు. మిగిలిన పద్నాలుగు వేల చిల్లర మీ జీతంలోంచో, పింఛనులోంచో రావాలి. "అద్దెతోనే అప్పు తీరిపోతుంది" అనే మాట చెప్పేవారు సాధారణంగా ఆ ఫ్లాటు అమ్మేవారే అయి వుంటారు.

స్థలం ధర పెరుగుతుందన్న ఆశ మీద కొనటం వేరు, నెల నెలా వచ్చే రాబడి మీద బతుకుదామని కొనటం వేరు. రెండోదే మీ ఉద్దేశమైతే చిన్న ఇల్లు, తక్కువ అప్పు మేలు.

ఆదాయపు పన్ను సంగతి కూడా ఒక మాట. ఏడాది అద్దెలోంచి మీరు కట్టిన పురపాలక పన్ను తీసివేసి, మిగిలినదానిలో నూటికి 30 వంతులు తగ్గించి, ఆ పైదానినే రాబడిగా లెక్కిస్తారు. ఇంటి అప్పు మీద కట్టిన వడ్డీ కూడా ఈ రాబడిలోంచి తగ్గించుకోవచ్చు. ఆ 30 వంతులూ మరమ్మతులు వగైరాల కింద ఇచ్చేవి. మీరు నిజంగా ఎంత ఖర్చు పెట్టారని ఎవరూ అడగరు. ఒకసారి రంగు వేయించినా, మూడుసార్లు వేయించినా తగ్గింపు అంతే. అంచేత ఇల్లు పాడు కాకుండా చూసుకోవటంలోనే లాభం వుంది.

అడగవలసినవి, అడగకూడనివి

ఇల్లు చూడటానికి కుర్రాళ్ళు వస్తారు. మెట్ల దగ్గరే మొదటి ప్రశ్న: "మీరెవరు బాబూ?"

ఊరు అడుగుతున్నారేమోనని వాడు "శ్రీకాకుళం అండీ" అంటాడు. "అది కాదు బాబూ, మీరేమిట్లు?" అని రెండో ప్రశ్న. జవాబు నచ్చకపోతే, "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు" అని తలుపు మూసుకుంటుంది. అయిదో ఇంటి దగ్గర కూడా అదే మాట విన్నాక, ఎవరూ అడ్వాన్సు ఇవ్వలేదని ఆ కుర్రవాడికి తెలిసిపోతుంది. నూరేళ్ళ కిందటి వారాల అన్నం వాసన ఈ ప్రశ్నలో ఇంకా పోలేదు. పైగా ఈ జవాబు వల్ల ఇంటివారికి తెలిసేదేమిటి? అద్దె నెల నెలా వస్తుందా రాదా, కుళాయి కట్టేసి వెళతాడా లేదా అన్నది కులం చెప్పదు.

అడగవలసినవి వేరే వున్నాయి. ఏ కోర్సు, ఇంకా ఎన్నేళ్ళు చదవాలి? అద్దె ఎవరు పంపిస్తారు? నాన్నగారి ఫోను నెంబరు ఏమిటి? ఇంతకు ముందు ఏ ఇంట్లో వున్నారు, ఆ ఇంటివారితో ఒకసారి మాట్లాడవచ్చా? నలుగురూ ముందు నుంచీ స్నేహితులా, బోర్డు చూసి కలిసినవారా? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే జట్టు నిలకడగా వుంటుంది. మొదటి సంవత్సరం వారికన్న రెండో సంవత్సరం వారు మేలు. వారికి ఒకరి గురకలు ఒకరికి అలవాటై వుంటాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విదేశాల నుంచి వచ్చిన పిల్లలు కూడా చదువుతున్నారు. అటువంటివారికి ఇల్లు ఇస్తే, వారు వచ్చిన 24 గంటల్లోగా ఆ సంగతి ప్రభుత్వానికి ఆన్‌లైన్లో తెలియజేయవలసిన బాధ్యత ఇంటివారిదే. అదేమీ బ్రహ్మవిద్య కాదు. మరచిపోతే మాత్రం చిక్కు.

సంతకం ఎవరిది?

ఇక కాగితం. ఇక్కడ చాలామంది చూసుకోని విషయం ఒకటుంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివారు చేసిన ఒప్పందం చెల్లదు. ఇంటర్ చదివే పిల్లలూ, ఇంజనీరింగులో కొత్తగా చేరినవారిలో కొందరూ ఆ వయసు దాటి వుండరు. వారి సంతకంతో రాసుకున్న అద్దె కాగితానికి విలువ లేదు. అంచేత తండ్రో తల్లో సంతకం పెట్టాలి. పిల్లలకు వయసు నిండినా సరే, పెద్దవారి సంతకం కూడా వుంటే మంచిది. ఎందుచేతనంటే, ఈ ఇంట్లో వుండేది ఒకరు, డబ్బు పంపేది మరొకరు. సంసారుల విషయంలో ఈ తేడా లేదు.

నలుగురి చేతా ఒకే కాగితం మీద సంతకం పెట్టిస్తే, మొత్తం అద్దెకు నలుగురూ ఉమ్మడిగా బాధ్యులు. వారిలో ఏ ఒక్కరినైనా మొత్తం అడిగే హక్కు అదే 1872 చట్టం ఇచ్చింది. కాని చట్టంలో వున్నదంతా వాడుకోవాలని లేదు. సంవత్సరం మధ్యలో ఒకడికి వేరే ఊళ్ళో సీటు వచ్చి వెళ్ళిపోతే, మిగిలిన ముగ్గురి మీదా అయిదు వేలు రుద్దేకన్న, "నెల రోజుల్లో మీకు నచ్చిన నాలుగోవాణ్ణి తెచ్చుకోండి, నాకు ఒకసారి చూపించి చేర్చుకోండి" అని కాగితంలోనే రాస్తే సరిపోతుంది.

పదకొండు నెలలకే కాగితం ఎందుకు రాస్తారని కొందరు అడుగుతూ వుంటారు. ఏడాదికి మించిన కౌలు కాగితాన్ని రిజిస్టరు చేయించక తప్పదు. పదకొండు నెలలయితే ఆ బాధ లేదని చాలామంది అనుకుంటారు. చదువుల సంవత్సరానికి కూడా ఆ లెక్క సుమారుగా సరిపోతుంది. ఖాళీ చేయటానికి గడువు కాగితంలో రాసుకోకపోతే, నెల అద్దె ఇళ్ళకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. పరీక్షల ముందు పదిహేను రోజుల్లో పిల్లలను వెళ్ళమనటం అన్యాయం. వారు పదిహేను రోజుల్లో వెళ్ళిపోతే మీకు నష్టం. రెండు వైపులా నెల రోజులని రాసుకోండి.

అడ్వాన్సు ఎంత తీసుకోవాలి? 2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు ఒక నమూనా అద్దె చట్టం తయారుచేసి ఇచ్చింది. దానిలో నివాసపు ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని వున్నది. అది రాష్ట్రాలు శాసనం చేసుకునేటందుకు ఇచ్చిన నమూనా మాత్రమే అయినా, ఆ హద్దు సబబైనదే.

ఇల్లు సిద్ధం చేయటం

కుర్రాళ్ళు వుండే ఇంటికి అందంకన్న గట్టితనం ముఖ్యం. తెల్ల సోఫాలూ, అద్దాల బల్లలూ వద్దు. ఇనుప మంచాలు, తలకొక బల్ల, తలకొక తాళం వేసే బీరువా, మంచం పక్కనే ప్లగ్గు. ఇవి వుంటే చాలు. గోడకు వరసగా కొక్కేలు మీరే బిగించి పెడితే, వారు మేకులు కొట్టరు. వంటగది గట్టు వెనక గోడకు పలకలు వేయిస్తే, పోపు జిడ్డు తుడిస్తే పోతుంది.

విశాఖలో ఇంకో శత్రువు వున్నాడు, ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరగా వున్న ఇళ్ళలో ఇనుప కిటికీ ఊచలు, తలుపు బందులు, ఏసీ బయటి పెట్టె తొందరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన గడియ ఊడిపోతే అది కుర్రవాడి తప్పు కాదు. ఏటా వేసవిలో ఊచలకు రంగు పూయించండి. వీలైతే స్టీలువో అల్యూమినియంవో పెట్టించండి.

ప్రాణం మీదికి వచ్చే విషయాలు రెండు వున్నాయి. ఒకటి కరెంటు. నలుగురు కుర్రాళ్ళంటే ఒక ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె, నాలుగు కంప్యూటర్లు. పాత ఇంటి తీగలు ఈ బరువు మోయలేవు. తీగలు, ఎర్తింగు ఎలక్ట్రీషియన్ చేత చూపించి, కరెంటు లీకయితే క్షణంలో ఆగిపోయే స్విచ్చి పెట్టించండి. రెండోది గ్యాసుతో నడిచే గీజరు. గాలి ఆడని స్నానాల గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపలి మనిషి స్పృహ తప్పి పడిపోయేవరకూ ఎవరికీ తెలియదు. అటువంటి గీజరు స్నానాల గదిలో వుంటే ఇవాళే తీయించండి.

కరెంటు బిల్లు గురించి కూడా ముందే చెప్పాలి. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు ధర అంచెలంచెలుగా పెరుగుతుంది. వాడకం ఎక్కువయిన కొద్దీ పై యూనిట్లకు ధర ఎక్కువ. రెండు వాటాలకు కలిపి ఒకే మీటరు వుంటే, కింద వాటావారి వాడకం వల్ల పై వాటావారి యూనిట్లు ఖరీదైన అంచెలో పడతాయి. తగువు అక్కడే మొదలు. వాటాకొక మీటరు పెట్టించటం ఒక్కసారి ఖర్చు. తగువు ప్రతి నెలా ఖర్చు.

తాళంచెవి ఇచ్చిన తరువాత

అద్దెకిచ్చాక ఆ ఇల్లు మీదే, కాని ఆ ఇంట్లో కాపురం వారిది. అద్దె సరిగ్గా కడుతున్నంతకాలం అద్దెదారుకు ఇంట్లో అడ్డంకి లేకుండా వుండే హక్కు 1882 చట్టమే ఇచ్చింది. రెండో తాళంచెవితో తలుపు తీసుకుని వెళ్ళి చూడటం, ఫ్రిజ్ తెరిచి ఏం వండుకున్నారో చూడటం తగదు. ఆడపిల్లలు వుండే ఇంట్లోనయితే అసలే తగదు. మరమ్మతులకు వెళ్ళాలంటే ముందురోజు చెప్పండి. నమూనా చట్టం కూడా 24 గంటల ముందు చెప్పమంటుంది.

అలాగని కళ్ళు మూసుకోమని కాదు. నలుగురికిచ్చిన ఇంట్లో ఏడుగురు నిద్రపోతుంటే నీళ్ళు చాలవు, లిఫ్టు చాలదు, పక్క ఫ్లాటువారి ఓర్పూ చాలదు. చుట్టాలు ఎన్నాళ్ళు వుండవచ్చు, రాత్రి ఎన్ని గంటల తరువాత పాటలు వినబడకూడదు, బళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి, చెత్త ఎవరు కిందకు దింపాలి అన్నవి మొదటి రోజునే కాగితం మీద పెట్టండి. మొదటి రోజు చెబితే అది నియమం. ఆరు నెలల తరువాత చెబితే అది తగువు.

పై కుళాయి కారుతున్నదని పిల్లలు చెబితే ఆ వారంలోనే బాగుచేయించండి. ఇంటివారు చేయించవలసిన మరమ్మతు చేయించకపోతే, అద్దెదారు తనే చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చునని కూడా ఆ పాత చట్టంలో వున్నది. దాని అవసరం రానివ్వకపోవటమే గృహస్థుకు గౌరవం.

అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజు

సంవత్సరమంతా బాగా జరిగిన వ్యవహారం చివరి గంటలో చెడిపోవటం చాలా ఇళ్ళల్లో చూస్తాము. కుర్రాళ్ళు పెట్టెలు సర్దుకుని నిలబడతారు. ఇంటివారు గోడలు చూస్తూ గదులన్నీ తిరుగుతారు.

"ఈ గోడకు మేకులెవరు కొట్టారు బాబూ?"

"మేం వచ్చేటప్పటికే వున్నాయి అంకుల్."

"వాష్‌బేసిన్‌కు ఈ పగులు?"

"అదీ అప్పటిదే అంకుల్."

"అన్నీ అప్పటివేనా! పోయినసారి వాళ్ళూ ఇదే చెప్పారు. పెయింటింగుకు పాతికవేలు అవుతుంది. అడ్వాన్సులో అది పోగా మిగిలింది తీసుకోండి."

బండికి వేళయిపోతున్నది. వాదించటానికి టైము లేదు. కుర్రాళ్ళు ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళిపోతారు. ఇంటివారు పాతికవేలు గెలిచారనుకుంటారు. కాని వెళ్ళినవారు ఊరుకోరు. సాయంత్రానికల్లా ఆ ఇంటి నెంబరు, ఆ మేడ రంగు కాలేజీ వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరిపోతుంది. ఆ సంవత్సరం రెండు నెలలు కాదు, మూడు నెలలు ఖాళీ.

పైగా ఆ పాతికవేలు ఎవరివి? ఏ పార్వతీపురం దగ్గరో రెండెకరాలు సాగుచేసుకునే తండ్రి అప్పు తెచ్చి ఇచ్చినవి కావచ్చు. కుర్రవాడు ఖాళీ చేసి వచ్చాక ఆ డబ్బుతో ఆ అప్పు తీర్చాలని ఆ ఇంట్లో చూస్తూ వుండవచ్చు. ఇటువైపు గృహస్థు కూడా ధనవంతుడేమీ కాడు. ఉద్యోగ విరమణ డబ్బంతా ఆ ఫ్లాటులోనే పెట్టి వుంటాడు. ఇద్దరి కష్టమూ నిజమే. అందుకనే ఇది నోటి మాటతో తేలవలసిన విషయం కాదు.

తేల్చే మార్గం సులువే. ఇల్లు అప్పగించే రోజున పిల్లలతో కలిసి గది గదికీ తిరిగి, గోడలు, కుళాయిలు, తలుపులు, మీటరు అంకె అన్నీ ఫోటోలు తీసి, అప్పుడే వాట్సాపులో ఇద్దరి దగ్గరా వుంచుకోండి. సామాను జాబితా మీద అందరూ సంతకం పెట్టండి. వెళ్ళే రోజున ఆ ఫోటోలు ముందు పెట్టుకుని చూస్తే, ఆ పగులు ఎప్పటిదో అదే చెబుతుంది.

దేనికి కోయాలి, దేనికి కోయకూడదు అన్నదానికి కూడా 1882 చట్టంలో మంచి కొలత వుంది. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా వుందో అలాగే అప్పగించాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకూ, మనిషి చేతిలో లేని విపత్తుకూ మాత్రం మినహాయింపు. ఏడాదిలో రంగు వెలిస్తే అది అరుగుదల, మీ ఖర్చు. తలుపు మీద తన్ని పలక పగలగొడితే అది వారి ఖర్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఎన్నో ఇళ్ళ కిటికీ అద్దాలు పగిలిపోయాయి. అటువంటి రోజున పగిలిన అద్దం ఏ కుర్రవాడి ఖాతాలోనూ రాయకూడదు.

అడ్వాన్సు మొదటి రోజునే వేరే ఖాతాలో వేసి వుంచండి. అది మీ రాబడి కాదు, మీ దగ్గర దాచుకున్న పరుల సొమ్ము. ఇంటి ఖర్చుల్లో కలిసిపోయిన అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసి వచ్చేసరికి గోడల మీద లేని మేకులు కనబడతాయి. కోత ఏమైనా వుంటే రసీదుతో చూపించి, మిగిలినది ఖాళీ చేసిన రోజునే ఇచ్చివేయండి.

ఇంకో పని వుంది. ఏప్రిల్ నెల రాగానే, పరీక్షల హడావుడి మొదలవక ముందే, వెళ్ళబోయే పిల్లలను పిలిచి అడగండి: "బాబూ, మీ జూనియర్లలో ఎవరైనా ఇల్లు చూసుకుంటున్నారా?" అని. వారు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చారంటే మీ మూడో లెక్క కుదిరినట్లే. ఆ ఏడు టు-లెట్ బోర్డు కోసం గోడకు మేకు కొట్టే పని వుండదు.